కొత్త బొమ్మ పావుగంట, వంటింటి చేట గంట: ఇంట్లో పసిపిల్లల ఆట ఎక్కడ తెగుతుంది?

క్లుప్తంగా: రెండు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు ఇంట్లో విసుగుతో గోల చేయడానికి బొమ్మల కొరత కారణమయ్యేది తక్కువ. బొమ్మకు ఒక్కటే పని ఉండటం, కళ్లముందు వస్తువులు మరీ ఎక్కువ కావడం, ఆట మధ్యలో టీవీ, పెద్దవాళ్లు అడ్డు తగలడం అసలు కారణాలు. నీళ్లు, పిండి, గింజలు, పాత బట్టలు, ఇంటిపనిలో చిన్న వాటా ఎక్కువసేపు నిలుస్తాయి. పిల్లల చేయి పడితేనే అవి మారతాయి కాబట్టి. కొలతలు, వయసులు, జాగ్రత్తలు కింద ఉన్నాయి.

ఏడు వారాలు, నాలుగు గోడలు

బడులు ఏప్రిల్ చివరి వారంలో మూస్తే మళ్లీ తెరిచేది జూన్ రెండో వారంలో. ఆ ఏడు వారాల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలాచోట్ల మధ్యాహ్నం ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా చిన్నపిల్లల్ని బయటికి పంపే వీలుండదు. మూడేళ్ల పిల్లవాడు అంతసేపూ ఇంట్లోనే, తరచుగా ఒకే ఒక్క పెద్ద మనిషి తోడుగా గడపాలి. ఇల్లంతా బొమ్మలున్నా పావుగంటకోసారి "ఇప్పుడేం చేయను?" అన్న ప్రశ్న వస్తుంది. ఫోన్ చేతికిస్తే మాత్రం రెండు గంటలు మాట వినపడదు. ఈ తేడా చాలామంది తల్లిదండ్రుల్ని అయోమయంలో పడేస్తోంది.

ముందుతరం ఇళ్లలో ఈ చిక్కు ఇంతగా లేకపోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి చోటు. అరుగు, వాకిలి, పెరడు, వేపచెట్టు నీడ, ఎవరో ఇల్లు కట్టుకుంటుంటే పడి ఉన్న ఇసుక కుప్ప: ఇంటికీ వీధికీ నడుమ నీడపట్టు ఉండేది. రెండోది జట్టు. నాలుగేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా పిల్లలు ఒకే గుంపుగా ఆడేవారు. అందరికంటే చిన్నవాణ్ని "ఆటలో అరటిపండు"గా చేర్చుకునేవారు. వాడు దొరికినా దొంగ కాడు, తప్పు చేసినా ఆట నుంచి పోడు. వెంట పరుగెడుతూ, చూస్తూ ఆట నేర్చుకుంటాడు.

ఆ ఏర్పాటులో ఎంతో తెలివి ఉంది. నాలుగేళ్ల వయసులో తన వంతు వచ్చేదాకా ఆగడం కష్టం, ఓడిపోవడం ఇంకా కష్టం. ఆ రెండూ అడగకుండానే గుంపు వాణ్ని ఆటలో ఉంచుకునేది. అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు తలుపు వెనక ఆ గుంపు లేదు. అది చేసిన పనంతా ఇప్పుడు తల్లి మీదో, అమ్మమ్మ మీదో, ఇంటినుంచే ఆఫీసు పని చేసుకుంటున్న తండ్రి మీదో పడుతోంది. బిడ్డకు ఫోన్ ఇచ్చి కూర తాలింపు వేసుకునే తల్లిని తప్పుపట్టేవాళ్లు, వీధంతా కలిసి మోసిన బరువును ఆమె ఒక్కతే మోస్తోందని గుర్తుంచుకోవాలి.

కొత్త బొమ్మ ఎందుకు పాతబడుతుంది

1966లో బ్రిటన్ పరిశోధకురాలు కొరిన్ హట్ మూడు నుంచి ఐదేళ్ల పిల్లల ముందు ఒక ఎర్రటి లోహపు పెట్టె పెట్టారు. దానికో మీట ఉండేది. మీట కదిపితే గంట, బజర్ మోగేవి, అంకెలు తిరిగేవి. పిల్లలు మొదట గంభీరమైన ముఖంతో, పెట్టెను వదలకుండా పరీక్షించారు. పెట్టె ఏం చేస్తుందో తెలిశాక వాళ్ల తీరు మారింది. ఒళ్లు తేలికైంది, దాన్ని తమ ఆటల్లోకి లాక్కున్నారు. మొదటి దశలో పిల్లల ప్రశ్న "ఇదేం చేస్తుంది?" అనీ, రెండో దశలో "దీంతో నేనేం చేయగలను?" అనీ హట్ విడదీసి చెప్పారు.

బ్యాటరీ బొమ్మల విషయం ఇక్కడే తేలిపోతుంది. మీట నొక్కితే లైటు వెలిగి, పాట పాడి, ముందుకు పోయే కారు మొదటి ప్రశ్నకు పది నిమిషాల్లో పూర్తి జవాబు ఇచ్చేస్తుంది. రెండో ప్రశ్నకు దాని దగ్గర చోటు లేదు. అది కారే, ఇంకేమీ కాలేదు. అదే ఖాళీ అగ్గిపెట్టె బస్సవుతుంది, మంచమవుతుంది, బీరువా అవుతుంది, ఫోన్ కూడా అవుతుంది. ఖరీదైన బొమ్మను పక్కన పడేసి అది వచ్చిన అట్టపెట్టెలో కూర్చునే పిల్లవాడు తన వయసుకు తగిన ఎంపికే చేశాడు.

ఫోన్ రెండు ప్రశ్నలనూ దాటేస్తుంది. పిల్లవాడు ఏమీ చేయనక్కర లేకుండానే తెర మీద ప్రతి కొద్ది సెకన్లకూ దృశ్యం మారుతుంది, కొత్త శబ్దం వస్తుంది. కొత్త కదలిక వైపు కన్ను తిరగడం పుట్టుకతో వచ్చిన గుణం. దాన్ని తెర పదేపదే పిలుస్తుంది. వీడియో అయ్యాక ఇంకొకటి తనంతట తానే మొదలవుతుంది కాబట్టి "అయిపోయింది" అన్న క్షణమే రాదు. తెర ముందు గంట కూర్చోగలిగినంత మాత్రాన పిల్లవాడికి గంట ఏకాగ్రత ఉందనుకోకూడదు. అక్కడ పని చేసేది తెర. ఫోన్ పక్కన పెట్టగానే అన్నీ చప్పగా కనిపించడానికి కారణమూ అదే. మార్పు తెచ్చే బాధ్యత ఒక్కసారిగా పిల్లవాడి చేతికి తిరిగి వచ్చింది.

ఫోన్ తీసుకునేటప్పుడు జరిగే రభస గురించి ఒక ఆసక్తికరమైన ఫలితం ఉంది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ఒకటి నుంచి ఐదేళ్ల లోపు పిల్లలున్న కుటుంబాలను పరిశీలించారు. "ఇంకా రెండే నిమిషాలు" అని ముందే హెచ్చరించిన సందర్భాల్లో గొడవ తగ్గకపోగా పెరిగింది. రోజూ ఒకే వేళకు, ఒకే వరుసలో ఆగినప్పుడూ, వీడియో దానంతట అది ముగిసినప్పుడూ పిల్లలు తేలికగా లేచారు. ఆచరణలో ఇది చాలా సులువు. తనంతట తాను తరువాతి వీడియో మొదలయ్యే అమరికను ఆపేయాలి. నిమిషాలు లెక్కపెట్టే బదులు "ఈ కథ అయిపోగానే అన్నం" అని ముందే, రోజూ ఒకేలా చెప్పాలి. రెండు నిమిషాలంటే ఎంతో మూడేళ్ల పిల్లవాడికి తెలియదు. కథ అయిపోవడం తెలుస్తుంది.

పదహారు బొమ్మల కంటే నాలుగు

అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయంలో ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల పిల్లలతో చేసిన పరిశీలన 2018లో అచ్చయింది. గదిలో 16 బొమ్మలున్నప్పటి కంటే 4 ఉన్నప్పుడు పిల్లలు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. ఎదురుగా అన్ని పిలుపులుంటే చేతిలో ఉన్నదాని మీద నిలబడటం ఆ వయసులో కష్టం.

ఇంట్లో ఉన్న బొమ్మల్ని మూడు గుడ్డసంచుల్లో సర్దితే చాలు. ఒక సంచి బయట, రెండు అటక మీద. బయట ఉండేవి ఐదారు వస్తువులు: కట్టేది ఒకటి, తోసేది ఒకటి, ఒక పాప బొమ్మ, గిన్నెలు, ఒకట్రెండు బొమ్మల పుస్తకాలు. వారానికోసారి సంచి మార్చాలి. ఇక్కడ మూడు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. పడుకునేటప్పుడు పట్టుకునే బొమ్మను కూడా సంచిలో కట్టేయడం మొదటిది. దాన్ని ఎప్పుడూ బయటే ఉంచాలి. రెండోది, బొమ్మలన్నీ పెద్ద టబ్బులో కుమ్మరించి పెట్టడం. అడుగున ఉన్నది కనపడదు, దానికోసం టబ్బంతా బోర్లించడమే ఆటగా మారుతుంది. పిల్లల ఎత్తుకు అందే అలమరా అరలో ఎడంగా పేర్చినవే చేతికి వస్తాయి. మూడోది, పిల్లవాడు ఒకే బొమ్మతో వారం దాటినా ఆడుతుంటే "మార్చాలి కదా" అని తీసేయడం. ఆట నిలిచిందంటే సంచి మార్చే అవసరం ఇంకా రాలేదు.

చేయి పడితేనే మారేవి

బ్రిటన్‌కు చెందిన సైమన్ నికల్సన్ 1971లో ఒక వాదన ముందుకు తెచ్చారు. ఒక చోట ఎన్ని విడి వస్తువులుంటే, అంటే కదిపి, కలిపి, పేర్చి, విప్పగలిగినవి ఎన్ని ఉంటే పిల్లలు అంతగా కొత్తవి కల్పిస్తారన్నది దాని సారం. తెలుగింటి వంటగది ఆ లెక్కన పెద్ద గని. ఏది ఏ వయసుకు, ఎంత, ఎట్లా అన్నదే తెలియాలి.

నీళ్లు. ఏడాదిన్నర నుంచి ఆరేళ్ల దాకా అందరికీ సరిపోయేది ఇదొక్కటే. వెడల్పు బేసిన్‌లో రెండంగుళాలు మించకుండా నీళ్లు, ఒక చెంబు, రెండు సైజుల గ్లాసులు, ఒక గరాటు, చిల్లుల గరిటె, స్పాంజి ముక్క చాలు. బాల్కనీలోనో, స్నానాల గది గుమ్మం దగ్గరో పాత నూలు దుప్పటి పరిచి దాని మీద పెట్టాలి. ప్లాస్టిక్ పట్టా పరిస్తే తడికి జారుతుంది. మూడు రోజులకు ఆట మందగిస్తే నీళ్లు పెంచడం కంటే కొత్త పని చేర్చడం మేలు. ఒక రోజు చెంచాడు స్నానం సబ్బు తురుము, కవ్వం ఇస్తే నురగ చిలుకుతారు. ఇంకో రోజు ఐసు ముక్కలు, ఆపై రోజు తేలేవీ మునిగేవీ: కొబ్బరి చిప్ప, చెంచా, టెంక, ఆకు.

మే నెల ఎండకు ఒక మేలు ఉంది. సాయంత్రం ఐదు తరవాత మేడమీదో బాల్కనీ గోడ మీదో వెడల్పు కుంచె, చెంబుడు నీళ్లతో "రంగు వేయమంటే" గోడ చూస్తుండగానే ఆరిపోతుంది. మళ్లీ వేయాలి. రంగు అంటదు, కడిగే పని లేదు.

గింజలు. చేటలో రెండు రకాల గింజలు కలిపి వేరుచేయమనడం మంచి పని. నాలుగేళ్లు నిండాకే ఇవ్వాలి. అంతకంటే చిన్నవాళ్లు గింజను ముక్కులోనో చెవిలోనో పెట్టుకుంటారు. శనగ, బఠాణీ వంటివి తడికి ఉబ్బి ఇంకా బిగుసుకుంటాయి. వయసు దాటిన పిల్లలకు ఇచ్చేటప్పుడు సాధారణంగా జరిగే తప్పు పరిమాణం. కిలో గింజలు ఐదు రకాలు ఇస్తే పని ఎప్పటికీ ముగియదు, విసిరికొట్టడంతో ఆగుతుంది. రెండే రకాలు, రంగు బాగా తేడాగా, ఒక్కోటి ఇరవై గింజలు చాలు. రాజ్మా, తెల్ల బొబ్బర్లు అనుకుంటే బాగుంటుంది. పోసుకోవడానికి గుంటపొంగణాల పెనాన్ని మించింది లేదు. గుంటకు ఒకటి, తర్వాత రెండు, తర్వాత మూడు. అదే లెక్క. ఇడ్లీ రేకులూ పనికొస్తాయి. నాలుగు దాటనివాళ్లకు గింజల బదులు పళ్లెంలో పలుచగా బొంబాయి రవ్వ పోసి వేలితో గీతలు గీయమంటే సరిపోతుంది.

పిండి. ఆటపిండికి కప్పు మైదా, అర కప్పు ఉప్పు, కప్పు నీళ్లు, చెంచాన్నర నూనె, పెద్ద చెంచాడు నిమ్మరసం కావాలి. అన్నీ మూకుడులో ఉండల్లేకుండా కలిపి, సన్నటి మంట మీద అడుగంటకుండా తిప్పుతూ ఉండాలి. నాలుగైదు నిమిషాల్లో అంచులు వదిలి ముద్దగా దగ్గరకు వస్తుంది. దింపి, చేయి పట్టేంత చల్లారాక నున్నగా పిసకాలి. రంగు కోసం నీళ్ల బదులు బీట్‌రూట్ ఉడికించిన నీళ్లు వాడొచ్చు, పాలకూర రసమూ పనికొస్తుంది. పసుపు వేస్తే బట్టకు అంటుతుంది. పసుపు అంటిన చేతిని సబ్బుతో కడిగితే ఎర్రగా మారడం పిల్లలకు మహా వింత. పసుపు, సున్నం కలిపితే పారాణి ఎర్రనవడం వెనక ఉన్నదీ అదే గుణం.

ప్రతి దినుసుకూ ఒక పని ఉంది. వేడికి మైదాలోని గంజి ఉడికి నీటిని పట్టి ఉంచుతుంది. అందుకే ఉడికించిన పిండి మెత్తగా నిలుస్తుంది, పచ్చిది గంటలో జిగురవుతుంది. ఉప్పు సూక్ష్మజీవులకు నీరు అందకుండా చేసి బూజును ఆపుతుంది. ఉప్పు "ఎక్కువేమో" అని తగ్గిస్తే రెండో రోజుకే పులిసిన వాసన వస్తుంది. నూనె చేతికి అంటకుండా చేస్తుంది. గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వారం పైనే వాడుకోవచ్చు. కోస్తా ఉక్కపోతలో ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుని పిండిని సాగేలా చేస్తుంది. రెండు చెంచాల పొడి మైదా చల్లి పిసికితే కుదుటపడుతుంది. రాయలసీమ, తెలంగాణ పొడి ఎండలో పైన పెచ్చు కడుతుంది. అక్కడ ఆడుతున్నంతసేపూ తడిగుడ్డ కప్పి ఉంచాలి.

ఒక హెచ్చరిక ముఖ్యం. ఈ ముద్దలో ఉప్పు చాలా ఎక్కువ. పిల్లలు గణనీయంగా తింటే రక్తంలో ఉప్పు ప్రమాదకరంగా పెరుగుతుంది. నాలుక మీద పెట్టి ఉమ్మేస్తే భయం లేదు కానీ, ఇంకా అన్నీ నోట్లో పెట్టుకునే వయసు వాళ్లకు ఉప్పు లేని చపాతీ పిండే ఇచ్చి ఆ పూటే పారేయాలి. చపాతీ పిండి సాగి వెనక్కి పోతుంది కాబట్టి బొమ్మలు నిలవవు. ఆ వయసుకు పొడవడం, తుంచడమే ఆట కనుక అదేమీ లోటు కాదు.

గుజ్జనగూళ్లు తెచ్చేది మాట కూడా

లక్కపిడతల్లో వంట చేసి, ఆకుల్లో వడ్డించి, "తినండి వదినా, ఇంకొంచెం వేసుకోండి" అని మర్యాద చేసే గుజ్జనగూళ్ల ఆట తెలుగు నేలన తరతరాలుగా ఉంది. నటించి ఆడే ఆటల్లో దీనంత నిండైనది తక్కువ. ఇందులో వరుస ఉంది, వాటాలున్నాయి, అతిథి ఉన్నాడు, పోట్లాట ఉంది, పొయ్యి ఆర్పడం ఉంది. పిల్లవాడు కాసేపు మామయ్య, కాసేపు కూరలమ్మే అవ్వ అవుతాడు. మూడేళ్లు దాటినవాళ్లకు నిజం వస్తువులు ఇస్తే ఆట రెట్టింపు సాగుతుంది: గుప్పెడు అటుకులు, చెంచాడు బెల్లం తురుము, నాలుగు కొబ్బరి కోరు చిటికెలు. వండినది నిజంగా తినవచ్చు.

ఈ ఆట మాటలు కూడా నేర్పుతుంది. చిటికెడు, చారెడు, పిడికెడు, దోసెడు. జల్లించడం, చెరగడం, పిసకడం, వంచడం, ఒలకడం. తెర మీద ఆంగ్ల పాటలు వింటూ పెరిగే పిల్లలకు ఈ మాటలు తగిలే చోటు లేదు. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో మనవల దగ్గరికి కొన్ని నెలలకు వెళ్లే అమ్మమ్మలు, నానమ్మలు "తెలుగులో మాట్లాడు" అని అడిగితే పిల్లలు నోరు మెదపరు. నేల మీద కూర్చుని పిండి కలుపుతూ "ఇంకో చారెడు పోయి" అంటే చేయి ముందు కదులుతుంది, మాట వెనకే వస్తుంది.

బొమ్మ గిన్నెల విషయంలో ఏటికొప్పాక లక్కబొమ్మల గురించి తెలుసుకోవాలి. అంకుడు కర్రను లేత్ మీద తిప్పి చెక్కి, లక్కలో కలిపిన సహజ రంగులు అద్ది చేసే ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంచులు గుండ్రంగా, నునుపుగా ఉంటాయి. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి. నమోదైన హస్తకళాకారులకూ, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకూ మినహాయింపు ఉంది. కాబట్టి ఏటికొప్పాక బొమ్మ మీద ఆ ముద్ర లేకపోవడం లోపం కాదు; ప్లాస్టిక్ బొమ్మ మీద లేకపోతే లోపమే. కొండపల్లి బొమ్మలు తేలికైన పొనికి కర్రతో చేసి, సన్నటి భాగాలు అతికించినవి. అవి కొలువుకు అందం, చిన్నపిల్లల చేతిలో విరుగుతాయి.

ఇంటిపనిలో వాటా

ఏడాదిన్నర పిల్లలు కూడా అడగకుండానే పెద్దవాళ్లకు సాయం చేస్తారని వార్నెకెన్, టొమసెల్లో అనే పరిశోధకులు 2006లో చూపించారు. చేతిలోంచి జారిన వస్తువును అందుకోలేక పెద్దాయన చేయి చాస్తుంటే పిల్లలు వెళ్లి తీసిచ్చారు. 2008లో అదే ఇద్దరు ఇంకో మెట్టు వేశారు. ఇరవై నెలల పిల్లల్లో సాయానికి ప్రతిగా బొమ్మ బహుమతి ఇచ్చినవాళ్లు, ఆ తర్వాత బహుమతి లేనప్పుడు ముందుకు రావడం తగ్గింది. ఏమీ ఇవ్వనివాళ్లు సాయం చేస్తూనే ఉన్నారు. పనికి చాక్లెట్ లంచం పెట్టడం వల్ల వచ్చే నష్టం ఇది.

ఈ కోరిక రెండు మూడేళ్లప్పుడు బలంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే పిల్లలకు చేత కాదు. అందుకని "పో, ఆడుకో" అంటారు. ఏడేళ్లకు చేతనవుతుంది. అప్పటికి అడగడం మానేసి ఉంటారు. ఈ ఎడబాటును పూడ్చగలిగితే మధ్యాహ్నం వంటవేళ చాలావరకు గడిచిపోతుంది. రెండున్నరేళ్లకు కరివేపాకు దూయడం, ఉతికిన సాక్సులు జతచేయడం. మూడున్నరకు గోంగూర ఆకు తుంచడం, వెల్లుల్లి రేకలు విడదీయడం. ఐదేళ్లకు చిక్కుడుకాయ ఈనెలు తీయడం, చపాతీ ఒత్తడం.

పద్ధతి పట్టించుకోవాలి. మొదట మాట్లాడకుండా, నెమ్మదిగా, ఒక కాడ చేసి చూపాలి. చేతినీ నోటినీ ఒకేసారి గమనించడం చిన్నవాళ్లకు కష్టం. కట్టంతా ఇవ్వకుండా పది కాడలే ఇవ్వాలి. అయిపోయిందని కనపడాలి కదా. ఆకు వేసే గిన్నె వేరు, కాడలు వేసే పళ్లెం వేరు. చేసిన ఆకు ఆ పూట కూరలోకే వెళ్లాలి, అది పిల్లల కంటపడాలి. పిల్లవాడు తుంచిన గోంగూరను వాడి ముందే మళ్లీ సరిచేస్తే మర్నాడు ఆ పీట మీద కూర్చోడు. సరిచేయక తప్పకపోతే వాడు లేనప్పుడు చేయాలి.

పెద్దవాళ్లు ఎక్కడ కూర్చోవాలి

ఆట తెగే సందర్భాల్లో ఎక్కువ పెద్దవాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. టీవీ వాటిలో మొదటిది. 2008లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనంలో ఏడాది, రెండేళ్లు, మూడేళ్ల పిల్లలు ఆడుకుంటున్న గదిలో పెద్దవాళ్ల క్విజ్ కార్యక్రమం పెట్టారు. పిల్లలు తెరవైపు చూసింది కొద్ది క్షణాలే. అయినా వాళ్ల ఆట ముక్కలు ముక్కలైంది, ఒక్కో ఆటపై నిలిచే సమయం తగ్గింది. మధ్యాహ్నం సీరియల్ "వాడు చూడట్లేదులే" అని నడుస్తున్న హాల్లో జరిగేది ఇదే.

రెండోది పరీక్షలు పెట్టడం. పిల్లవాడు డబ్బాలు పేరుస్తుంటే "ఇదేం రంగు? ఇవెన్ని?" అని అడిగితే వాడి మనసులో ఉన్న రైలు పట్టాలు తప్పుతుంది. ఏదైనా అనాలనిపిస్తే చూసింది చెప్పవచ్చు: "పెద్ద డబ్బా కిందికి పెట్టావు." వీడియో తీయడమూ అంతే. ఫోన్ బయటికి రాగానే ఆట ఆగుతుంది.

"నా పని ఉంది, నువ్వు గదిలో ఆడుకో" అని పంపేయడం కూడా పనిచేయదు. ఈ వయసు పిల్లలు కనుచూపు మేరలో మనిషి ఉంటేనే దూరంగా ఆడతారు. మొదటి పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి పూర్తిగా వాళ్లతో కూర్చుని, ఆట పట్టు దొరికాక చేతిలో ఏదో పనితో పక్కకు జరగాలి. కూరగాయలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ అక్కడే ఉండాలి.

ఇద్దరు పిల్లలున్న ఇంట్లో లెక్క మారుతుంది. మిల్డ్రెడ్ పార్టెన్ 1932లో బడికి ముందు వయసు పిల్లల ఆటను వర్గీకరించినప్పుడు, చిన్నవాళ్లు కలిసి ఆడటం కంటే పక్కపక్కన ఎవరి ఆట వాళ్లు ఆడటం ఎక్కువని గమనించారు. రెండేళ్ల కవలలకో, బంధువుల పిల్లలకో "పంచుకోండి" అని చెప్పేకంటే ఒకేలాంటి చెంబులు రెండు పెట్టడం తేలిక. ఐదేళ్ల అక్క, ఏడాది తమ్ముడు ఉంటే అక్క చిన్న వస్తువుల ఆట డైనింగ్ బల్ల మీదే సాగాలి. నేల తమ్ముడిది.

ప్రాణానికి ముప్పు తెచ్చేవి

బేసిన్‌లో రెండంగుళాల నీళ్లు కూడా పసివాణ్ని ముంచగలవు. నీళ్లాట జరుగుతున్నంతసేపూ చేయి అందేంత దగ్గర్లో పెద్ద మనిషి ఉండాలి. ఆట అయిన వెంటనే నీళ్లు పారబోయాలి. నిండు బకెట్ ఇంకా ప్రమాదం: తల బరువుకు ముందుకు ఒరిగిన పిల్లవాడు తిరిగి లేవలేడు, శబ్దమూ రాదు.

మూడేళ్ల లోపు పిల్లలకు 31.7 మిల్లీమీటర్ల వెడల్పు గొట్టంలో పూర్తిగా పట్టే వస్తువు ఏదైనా గొంతుకు అడ్డుపడేదే. బొమ్మల పరీక్షలో వాడే కొలత అది. గవ్వలు, చింతపిక్కలు, గోళీలు అన్నీ అందులో పడతాయి. పగిలిన బుడగ ముక్కలు కూడా అంతే ప్రమాదం. మ్యూజిక్ బొమ్మల్లో, రిమోట్లలో, ప్లాస్టిక్ దీపాల్లో ఉండే బిళ్ల బ్యాటరీ వేరే కోవకు చెందింది. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. స్క్రూ మూత లేని బ్యాటరీ బొమ్మ ఇంట్లో ఉంచకూడదు.

తెర ఎంత, తర్వాత ఏం జరుగుతుంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల ప్రకారం రెండేళ్లలోపు తెర వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల దాకా రోజుకు గంట మించకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది. మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజు మొత్తంలో 180 నిమిషాల శారీరక కదలిక ఉండాలి. అందులో కనీసం 60 నిమిషాలు ఒళ్లు వంచి ఆడేది కావాలి. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా రెండు నుంచి ఐదేళ్ల లోపు వారికి గంటే హద్దుగా పెట్టింది. రెండేళ్లలోపు వాళ్లు అప్పుడప్పుడూ బంధువులతో వీడియో కాల్‌లో మాట్లాడటం వరకు ఫర్వాలేదంది.

అలవాటైన ఇంట్లో తెర ఒక్కసారిగా తగ్గిస్తే మొదటి రోజులు ముందుకంటే కష్టంగానే ఉంటాయి. గోల పెరుగుతుంది, నేల తడుస్తుంది, వంట అరగంట ఆలస్యమవుతుంది. చాలా ఇళ్లు మూడో రోజున వదిలేసేది అందుకే. రోజంతా మార్చకుండా ఒక్క పూటతో మొదలుపెట్టిన ఇళ్లకు నిలదొక్కుకోవడం సులువు. టిఫిన్ అయ్యాక పొద్దున తొమ్మిది నుంచి పదకొండు మంచి వేళ. పిల్లవాడి కడుపు నిండి, నిద్ర తీరి ఉంటుంది. అప్పుడు పిండో నీళ్లో. పన్నెండు ముందు వంటింట్లో పది కాడల గోంగూర. నిద్ర లేచాక మంచానికి, కుర్చీకి మధ్య పాత చీర కట్టి గుడారం, అందులో బొమ్మల పుస్తకం. తెర ఉంటే దానికి రోజూ ఒకే వేళ, ఒకే చోటు, ఒకే కథ అయిపోయేదాకా. ఎండ దిగాక మేడమీద గోడకు నీళ్ల రంగు.